కుక్కుటశాస్త్రమూ పోకెమాన్ జట్టూ: కూర్పులో జరిగే తప్పులు

2022 ఆగస్టు 2న, బర్మింగ్‌హామ్ శివార్లలోని నేషనల్ ఎగ్జిబిషన్ సెంటర్‌లో కామన్‌వెల్త్ క్రీడల మిశ్రమ జట్ల బ్యాడ్మింటన్ ఫైనల్ జరిగింది. భారత జట్టులో పి.వి. సింధు, కిదాంబి శ్రీకాంత్, సాత్విక్ సాయిరాజ్, గాయత్రీ గోపీచంద్ ఉన్నారు. సింధు తన ఆట తాను గెలిచింది. జట్టు మాత్రం మలేషియా చేతిలో 3-1 తేడాతో ఓడిపోయింది. ఆరు రోజుల తరువాత అదే ప్రాంగణంలో సింధు ఒంటరిగా ఆడి స్వర్ణం అందుకుంది. మేటి క్రీడాకారులను ఒకచోట చేర్చడం ఒక పని, వారితో గెలిచే జట్టును తయారుచేయడం మరొక పని అని ఆ రెండు ఫలితాలను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

అదే వారాంతంలో, ఆగస్టు 6, 7 తేదీల్లో, నగరం నడిబొడ్డున ఉన్న ఇంటర్నేషనల్ కన్వెన్షన్ సెంటర్‌లో తొలి కామన్‌వెల్త్ ఈస్పోర్ట్స్ ఛాంపియన్‌షిప్ జరిగింది. అక్కడ డోటా 2 అనే ఆటలో భారత జట్టు కాంస్యం గెలిచింది. ఆ ఆటలో అసలు పోరు మొదలయ్యే ముందే నూటికి పైగా ఉన్న వీరుల్లోంచి ఒక్కో పక్షమూ అయిదుగురిని ఎంచుకోవాలి. ఎంపిక తప్పితే చేతివేగం ఆదుకోవడం కష్టం. వీడియో ఆట అనగానే పెద్దలకు బొటనవేళ్ళ విన్యాసమే గుర్తుకు వస్తుంది కానీ, ఇలాంటి ఆటల్లో గెలుపోటముల్లో పెద్దవాటా తెర వెలగకముందే నిర్ణయమైపోతుంది.

ఈ కూర్పు విద్య మరింత స్పష్టంగా కనిపించే ఆట పోకెమాన్. ఇందులో చేతివేగంతో పనిలేదు. చదరంగంలాగా ఎత్తుకు ఎత్తు. బర్మింగ్‌హామ్‌లోనైనా బే ఏరియాలోనైనా తెలుగువారి ఇళ్ళలో పిల్లలు గంటల తరబడి ఆడే ఆట ఇది. పెద్దలు దాన్ని బొమ్మల ఆటగా తీసిపారేయడమూ అంతే మామూలు. ఆ తీసిపారేయడంలో ఒక నష్టం ఉంది. జట్టును కూర్చేటప్పుడు పిల్లలు చేసే తప్పులు పిల్లతనపు తప్పులు కావు; పెద్దలు తమ వృత్తుల్లో, ఇళ్ళలో చేసే తప్పులే. తేడా అల్లా, ఇక్కడ అవి ఇరవై నిమిషాల్లో బయటపడతాయి.

ఆట స్వరూపం

1996 ఫిబ్రవరిలో జపాన్‌లో విడుదలైన ఈ ఆటను రూపొందించిన సతోషి తజిరి, చిన్నప్పటి పురుగుల సేకరణ సరదా నుంచి ఈ ఊహ పుట్టిందని చెప్పాడు. ఆటలో ప్రతి జీవికీ ఒకటో రెండో తత్వాలుంటాయి: నిప్పు, నీరు, గడ్డి, రాయి, మంచు, విద్యుత్తు మొదలైనవి. మొదట పదిహేను ఉండేవి, 2013 నాటికి పద్దెనిమిది అయ్యాయి. నీటి దెబ్బ నిప్పుజీవికి రెండింతలు తగులుతుంది, గడ్డిజీవికి సగమే తగులుతుంది. రెండు తత్వాలూ ఒకే దెబ్బకు లొంగేవైతే దెబ్బ నాలుగింతలు. నిప్పు, గాలి తత్వాలు కలిసిన చారిజార్డ్‌కు రాయిదెబ్బ అలాంటిది.

అధికారిక పోటీల్లో జరిగేది జంటపోరు. ప్రతి ఆటగాడూ ఆరు జీవులతో వస్తాడు. ఎదుటివారి ఆరింటినీ చూశాక తన ఆరింటిలో నాలుగింటిని ఎంచుకుంటాడు. ఒక్కసారికి రెండు బరిలో నిలుస్తాయి. అన్నీ 50వ స్థాయిలోనే ఉంటాయి కాబట్టి ఎక్కువ కాలం పెంచానన్న బలం చెల్లదు. ఒక్కో జీవికి నాలుగే ఎత్తులు, ఒకే వస్తువు. ఒకే జీవి రెండుసార్లు ఉండకూడదు, ఒకే వస్తువు రెండింటి దగ్గర ఉండకూడదు. నియమాలు ఇంతే. కష్టమంతా ఈ కొరతలోనే ఉంది.

పట్టికను జట్టు అనుకోవడం

తత్వాల పట్టిక తెలుగువారికి కొత్త కాకూడదు. కోడిపందాల వారు నమ్మే కుక్కుటశాస్త్రం పుంజులను ఈకల రంగును బట్టి కాకి, డేగ, నెమలి, పింగళ అంటూ వర్గీకరిస్తుంది. ఏ పక్షంలో, ఏ వారంలో, ఏ జాములో ఏ రంగు పుంజు ఏ రంగును గెలుస్తుందో చెబుతుంది. పల్నాటి కథలో నాగమ్మకూ బ్రహ్మనాయుడికీ మధ్య జరిగిన పందెం ఏడేళ్ళ వలసకు దారితీసింది. ఇంగ్లండులో 1835 చట్టం కోడిపందాల బరులను నిషేధించేదాకా ఇక్కడా ఇలాంటి వినోదాలు మామూలే. బర్మింగ్‌హామ్ నడిమధ్యనున్న బుల్‌రింగ్‌కు ఆ పేరు ఒకప్పుడు కుక్కలను ఉసిగొల్పడానికి ఎద్దును కట్టేసిన కడియం నుంచి వచ్చింది. ప్రాణుల రక్తం చిందించిన ఆ వినోదాలకూ, ఎవరి ప్రాణమూ పోని ఈ తెరమీది పోరుకూ నైతికంగా పోలిక లేదు. కానీ ఆలోచనా పద్ధతిలో పోలిక ఉంది.

కుక్కుటశాస్త్రం ఒక పుంజును మరొక పుంజుతో పోల్చే పట్టిక. అది నిజమా కాదా అన్న ప్రశ్నను పక్కన పెట్టినా, నిజమైనప్పటికీ ఒంటరి పోరుకు మాత్రమే పనికివస్తుంది. కొత్త ఆటగాడు తత్వాల పట్టికను బట్టీపట్టి, నిప్పుకొకటి, నీటికొకటి, మంచుకొకటి అంటూ ఆరింటిని పోగుచేస్తాడు. పద్దెనిమిది తత్వాలకూ సమాధానం ఉందని సంతోషిస్తాడు. బరిలో ఒక్కసారిగా ఉండేవి రెండే. తన నీటిజీవి ఎదుటి నిప్పుజీవిని కొట్టబోయేలోపు, దాని పక్కనున్న విద్యుత్తుజీవి ఈ నీటిజీవిని కొట్టేస్తుంది. పట్టిక అబద్ధం చెప్పలేదు. పక్కనున్న దాని గురించి అది చెప్పదు, అంతే.

ఇదే తప్పుకు మరో రూపం ఉమ్మడి బలహీనత. డ్రాగొనైట్, సాలమెన్స్, గార్చాంప్ మూడూ విడివిడిగా గొప్ప జీవులే. మూడింటికీ మంచుదెబ్బ నాలుగింతలు తగులుతుంది. ఇద్దరు ప్రత్యర్థులకూ ఒకేసారి తగిలే బ్లిజార్డ్ వంటి ఎత్తుకు జంటపోరులో బలం ముప్పాతికకు తగ్గుతుంది. అప్పుడు కూడా ఆ జీవుల్లో ప్రతిదానికీ తగిలేది మూడింతల దెబ్బ. మూడు గొప్ప జీవులను ఒకచోట చేర్చిన ఆటగాడు తనకు తెలియకుండానే ఎదుటివాడి ఒక్క ఎత్తుకు మూడురెట్ల విలువ ఇచ్చాడు.

అందరూ కొట్టేవాళ్ళే

రెండవ తప్పు బలాన్ని మాత్రమే లెక్కపెట్టడం. ఆరు జీవులూ దాడికే, ఒక్కో జీవి నాలుగు ఎత్తులూ దాడికే. ఇలాంటి జట్టు కాగితం మీద భయంకరంగా ఉంటుంది. కానీ జంటపోరులో ప్రతి ఆవృత్తానికీ ఒక్కో పక్షానికి రెండే చర్యలు దక్కుతాయి. ఎవరు ముందు కొడతారన్నది ఎంత గట్టిగా కొడతారన్నదానికన్నా తరచు ముఖ్యమవుతుంది. అందుకే టెయిల్‌విండ్ అనే ఎత్తుతో నాలుగు ఆవృత్తాలపాటు తన పక్షం వేగాన్ని రెట్టింపు చేసేవారు కొందరు. ట్రిక్ రూమ్‌తో అయిదు ఆవృత్తాలపాటు వరుసనే తలకిందులు చేసి నెమ్మదైనవాటిని ముందు నిలబెట్టేవారు మరికొందరు. ప్రొటెక్ట్ అనే ఎత్తు ఏమీ చేయదు. ఆ ఆవృత్తానికి దెబ్బ తగలకుండా కాచుకుంటుంది. కొత్తవారికి అది వృథాగా కనిపిస్తుంది. నిజానికి ఒక జీవి కాచుకుంటే, ఎదుటి రెండు దెబ్బలూ దానిమీదే పడి వృథా అయితే, పక్క జీవికి ఉచితంగా ఒక ఆవృత్తం దొరికినట్టు. ఏమీ చేయకపోవడం కూడా ఒక చర్యేనని అంగీకరించడానికి కొంత అనుభవం కావాలి. వైద్యంలో వేచిచూడడం కూడా ఒక చికిత్సేనని రోగినీ బంధువులనూ ఒప్పించడానికి ఎంత కష్టమో ఆ వృత్తిలో ఉన్నవారికి తెలుసు.

2014లో వాషింగ్టన్‌లో జరిగిన ప్రపంచ పోటీలో కొరియాకు చెందిన సే జున్ పార్క్ విజేత అయ్యాడు. అతని జట్టులో పాచిరిసు అనే ఉడుత ఉంది. దాడిబలంలో అది ఏ లెక్కకూ రాదు. అతని ముఖ్యబలం గ్యారడోస్. నీరు, గాలి తత్వాలు కలిసిన ఆ జీవికి విద్యుత్తు నాలుగింతల దెబ్బ. పాచిరిసు తన ‘ఫాలో మీ’ ఎత్తుతో దెబ్బలను తనవైపు లాక్కుంటుంది. విద్యుత్తు తగిలితే దాని సహజగుణం వల్ల దెబ్బ తినడానికి బదులు మరింత పుంజుకుంటుంది. గ్యారడోస్‌కు ఉన్న ఒకే పెద్ద భయాన్ని ఈ ఉడుత తన ఆహారంగా మార్చింది. విడిగా తూచితే ఎవరూ ఎంచుకోని జీవి, ఆ పక్కన నిలబడినప్పుడు మరేదీ చేయలేని పని చేసింది. కూర్పు అన్న మాటకు ఇంతకన్నా మంచి వ్యాఖ్యానం ఆ ఆట చరిత్రలో అరుదు. అయితే దీన్నుంచి ‘బలహీనమైన జీవి కూడా గెలిపిస్తుంది’ అన్న నీతి తీసుకుంటే పొరపాటే. గ్యారడోస్ లేని జట్టులో పాచిరిసును పెడితే అది మళ్ళీ ఉడుతే.

భయంతో చేర్చిన మందులు

మూడవ తప్పు కొంచెం ఆడినవారు చేసేది. ఒక ఆదివారం ట్రిక్ రూమ్ జట్టు చేతిలో ఓడిపోతారు. దాన్ని ఆపడానికి ఒక జీవిని చేరుస్తారు. మరుసటి వారం వానబలంతో ఆడే జట్టు ఓడిస్తుంది, దానికి మరొకటి. ఆ చేర్పులకు చోటివ్వడానికి తీసేసినవాటివల్ల మొదట గెలుస్తూ వచ్చిన ఆటలే ఓడిపోవడం మొదలవుతుంది. దానికీ ఒక విరుగుడు. రెండు నెలలు గడిచేసరికి జట్టులో ఆరు విరుగుళ్ళుంటాయి, ఒక్క ఉద్దేశం ఉండదు.

వైద్యంలో దీన్ని పోలిన గొలుసు ఒకటి ఉంది. రక్తపోటుకు ఆమ్లోడిపిన్ ఇస్తారు. కొందరికి దానివల్ల చీలమండలు వాస్తాయి. వాపును కొత్త జబ్బుగా భావించి మూత్రం ఎక్కువ పోయే మందు రాస్తారు. దానితో రక్తంలో యూరిక్ ఆమ్లం పెరిగి కాలి బొటనవేలి కీలు పొంగుతుంది. నొప్పికి ఐబుప్రోఫెన్ వంటిది ఇస్తే, అది రక్తపోటును పెంచుతుంది. ప్రతి మందుకూ ఒక కారణం ఉంది. మొత్తానికి కారణం లేదు. ఈ గొలుసును తెంచే మార్గం మరో మందు కాదు, మొదటి మందు దగ్గరికి వెనక్కి వెళ్ళడం. పోకెమాన్ జట్టుకూ అంతే. ‘ఈ జీవి దేన్ని ఆపుతుంది?’ అన్న ప్రశ్నకు ముందు ‘ఈ జట్టు ఎలా గెలవాలనుకుంటుంది?’ అన్న ప్రశ్న ఉండాలి. రెండవదానికి ఒక వాక్యంలో జవాబు చెప్పలేని జట్టుకు ఎన్ని విరుగుళ్ళు చేర్చినా చాలవు.

దీనికి ఎదురుగా నిలిచేది ఏకైక ప్రణాళికను నమ్ముకున్న జట్టు. అన్ని నెమ్మది జీవులనూ చేర్చి, ట్రిక్ రూమ్ వేసే బాధ్యత ఒక్కదానికే అప్పగిస్తారు. అనుభవజ్ఞుడైన ప్రత్యర్థి మొదటి ఆవృత్తంలోనే టాంట్ వంటి ఎత్తుతో దాని నోరు కట్టేస్తాడు, లేదా రెండు దెబ్బలూ దానిమీదే వేస్తాడు. మిగిలిన మూడు జీవులూ వరుసగా వచ్చి దెబ్బలు తిని వెళ్తాయి. మొదటి జట్టుకు ఉద్దేశం లేకపోవడం లోపం. ఈ జట్టుకు ఉద్దేశం తప్ప మరేమీ లేకపోవడం లోపం.

ఆరు కాదు, తొంభై

ఆరింటిలోంచి నాలుగింటిని 15 విధాలుగా ఎంచుకోవచ్చు. ఆ నాలుగింటిలో ముందు ఏ రెండు నిలవాలన్నది ఒక్కోసారి 6 విధాలు. అంటే ఒకే జట్టు 90 రకాలుగా బరిలోకి దిగగలదు. కొత్త ఆటగాడి జట్టును పరిశీలిస్తే ఆ తొంభైలో అతను వాడేది రెండో మూడో. ఎప్పుడూ అవే నాలుగు. మిగిలిన రెండూ కాగితం మీదే ఉంటాయి. కొన్ని జట్లలో దీనికి విరుద్ధంగా, ఆరూ ఉంటే తప్ప ఏర్పాటు పూర్తికాదు; రెండింటిని వదలవలసిన క్షణంలో జట్టు ఊడిపోతుంది.

నేర్పరి కూర్చేది ఒక జట్టును కాదు, ఒకదానిలో ఒకటి ఒదిగిన రెండు మూడు జట్లను. ఎదుటివాడి ఆరింటినీ చూశాక వాటిలో ఏది బయటికి తీయాలో నిర్ణయిస్తాడు. ఇటీవలి సంవత్సరాల్లో పెద్ద పోటీల్లో ఇద్దరూ తమ జీవుల ఎత్తులు, వస్తువులతో సహా వివరాలను ముందే ఇచ్చిపుచ్చుకుంటున్నారు. దాంతో దాచిన ఆయుధంతో గెలవాలనుకునే జట్లకు ఆధారం పోయింది. అన్నీ తెలిశాక కూడా ఎదుటివాడికి రెండు దారుల మధ్య ఎటు వెళ్ళాలో తేలకపోవడమే ఇప్పుడు మిగిలిన ఆశ్చర్యం.

అరువు జట్లు

ఒక సంకేతం నొక్కితే చాలు, మేటి ఆటగాడి జట్టును ఉన్నదున్నట్టు అరువు తెచ్చుకుని ఆడే సౌకర్యం ఆటలోనే ఉంది. నేర్చుకునేవారికి ఇది మేలే. నెలల శ్రమ తప్పుతుంది. చిక్కు వేరేచోట ఉంది. స్కార్లెట్, వయొలెట్ ఆటల్లో ఒక్కో జీవికి సాధన వల్ల కలిసే బలాలను 510 దాకా పంచవచ్చు. ఒక గుణానికి 252 మించకూడదు. 50వ స్థాయిలో దాదాపు ఎనిమిదికి ఒక్క పాయింటు ఫలం. నేర్పరి పంపకంలో 252, 252 అన్న గుండ్రని అంకెలకు బదులు 92, 116 వంటి విచిత్రమైన అంకెలు కనిపిస్తాయి. ఆ అంకె వెనుక ఒక లెక్క ఉంటుంది: ఫలానా జీవి ఫలానా దెబ్బ తిని కొనఊపిరితో నిలవాలి, ఫలానా దానికన్నా ఒక్క పాయింటు వేగం ఎక్కువ ఉండాలి. ఏ జీవిని దృష్టిలో పెట్టుకుని ఆ లెక్క వేశారో, ఆ జీవి పోటీల్లోంచి తప్పుకున్నాక అంకె మిగులుతుంది, అర్థం పోతుంది. అరువు తెచ్చుకున్నవాడు ఆ అంకెను భక్తిగా కాపాడుకుంటాడు.

బర్మింగ్‌హామ్ తెలుగు కుటుంబాలకు దీని పోలిక వెతుక్కోనక్కరలేదు. కింగ్ ఎడ్వర్డ్ సిక్స్త్ గ్రామర్ బడుల ప్రవేశపరీక్షకు ఏళ్ళతరబడి నమూనా పత్రాలు చేయించే ఇళ్ళు ఎన్నో. ఆ పత్రాల్లో ఆకారాల మధ్య తర్కాన్ని కనిపెట్టమంటారు. కనిపెట్టడాన్ని నేర్పడానికి బదులు ఏ ఆకారానికి ఏ జవాబో నేర్పితే, పత్రం మారిన రోజున పిల్లవాడు నిస్సహాయుడవుతాడు. అదే ఇంట్లో అదే పిల్లవాడు రాత్రి దుప్పటి కింద కూర్చుని, అరువు జట్టులోంచి ఒక జీవిని తీసేసి మరొకటి పెట్టి, ఎందుకు ఓడిపోయానని లెక్కవేసుకుంటూ ఉంటే, పరీక్ష కోరే ఆలోచన అక్కడ జరుగుతున్నట్టు. ఆటలన్నీ మేలే చేస్తాయని కాదు. నిద్ర పోగొట్టే ఆట నిద్ర పోగొట్టేదే. కానీ దేన్ని వారిస్తున్నారో తెలిసి వారించడం మేలు.

ఓటమికి కారణం

కుక్కుటశాస్త్రానికి ఉన్న గొప్ప సౌకర్యం, అది ఎన్నటికీ ఓడిపోకపోవడం. పుంజు ఓడితే జాము తప్పింది. జాము సరైనదైతే దిక్కు తప్పింది. ఓటమికి కారణం ఎప్పుడూ పంచాంగంలో దొరుకుతుంది కాబట్టి శాస్త్రాన్ని దిద్దవలసిన అవసరం రాదు. పోకెమాన్ ఆడేవారికి పంచాంగం స్థానంలో అదృష్టం ఉంది. నూటికి తొంభైసార్లు తగిలే ఎత్తు తప్పిపోయిందని, వందలో నాలుగుసార్లు పడే బలమైన దెబ్బ తనకే పడిందని వాపోతారు. లెక్క వేసి చూస్తే, తొంభై శాతం తగిలే ఎత్తు మూడుసార్లు వరుసగా తగిలే అవకాశం 73 శాతమే. ఆ మూడూ తగిలితేనే గెలిచే ప్రణాళిక వేసుకున్నవాడు, నాలుగు ఆటల్లో ఒకదాన్ని ముందే వదులుకుని కూర్చున్నాడు. తప్పిన దెబ్బ దురదృష్టం. దానిమీద ఆధారపడడం కూర్పులోని దోషం.

దీనికి విరుద్ధమైన తప్పు ఒక్క ఓటమికే జట్టును కూల్చేయడం. ఒక్క రోగి అనుభవంతో మందును తీర్పుతీర్చే వైద్యుడికీ ఇతనికీ తేడా లేదు. పది పన్నెండు ఆటలు రాసిపెట్టుకుని, ఓడినవాటిలో ఏ నాలుగింటిని తీసుకువెళ్ళాడో, ఏ ఆవృత్తంలో ఆట చేజారిందో చూసుకున్నాకగానీ జట్టులో తప్పుందా, ఎంపికలో తప్పుందా, ఎత్తులో తప్పుందా అన్నది తేలదు. మార్చవలసి వస్తే ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. లేకపోతే ఏ మార్పు ఏ ఫలితం ఇచ్చిందో తెలియదు.

ఆట మీద ఒక అభియోగం

ఈ తప్పులన్నిటినీ ఆడేవారి మీదే మోపడం న్యాయం కాదు. వీటిలో సగం ఆటే నేర్పుతుంది. పోకెమాన్‌లో పోటీ కన్నా ముందు ఒక కథ ఉంది. చాలామంది పిల్లలు పదుల గంటలు గడిపేది అందులోనే. ఆ కథలో వరుసగా ఎదురయ్యే జిమ్ నాయకులు సాధారణంగా ఒక్కొక్కరు ఒక్కో తత్వానికే కట్టుబడి ఉంటారు. నిప్పు నాయకుడి ముందుకు ఒక నీటిజీవిని తీసుకువెళ్తే పని అయిపోతుంది. స్థాయి పెంచిన ఒక్క ఇష్టజీవితో కథను చివరిదాకా నెట్టుకురావచ్చు. ప్రత్యర్థి కాచుకోడు, దెబ్బను మళ్ళించడు, ముందుచూపుతో ఆడడు. అంటే కథ మొత్తం ఒక రంగుల కుక్కుటశాస్త్ర పాఠం. అందులో మొదటి శ్రేణిలో ఉత్తీర్ణుడైన పిల్లవాడు పోటీకి వచ్చి, నేర్చుకున్నదంతా అక్కడ తప్పని తెలుసుకుంటాడు. దాదాపు మూడు దశాబ్దాలుగా ఇంత లోతైన పోటీని నడుపుతున్న ఆట, ఆ లోతుకు దిగడానికి మెట్లు కట్టకపోవడం దాని రూపకల్పనలోని పెద్ద లోపం. ఆ మెట్లు బయట ఆటగాళ్ళే కట్టుకున్నారు.

అయినా ఈ ఆటలో ఒక ఔదార్యం ఉంది. పల్నాటి పందెంలో ఓడినవారు ఏడేళ్ళు ఊరు విడిచిపోవలసి వచ్చింది. భీమవరం బరుల్లో ఓడినవారు ఎకరాలు పోగొట్టుకున్న కథలు ఆ ప్రాంతంవారికి తెలిసినవే. ఇక్కడ ఓడిన పిల్లవాడు మళ్ళీ మొదలుపెట్టవచ్చు. తప్పు ఇంత చవకగా దొరికే చోట్లు పిల్లల జీవితంలో, ముఖ్యంగా ప్రతి మార్కుకూ విలువకట్టే వలస కుటుంబాల పిల్లల జీవితంలో, ఎక్కువ లేవు. ఆ చవకతనాన్ని పెద్దలు రెండు రకాలుగా పాడుచేయగలరు: ఆటను పనికిరానిదిగా తోసిపుచ్చి, లేదా గెలిచావా ఓడావా అని మాత్రమే అడిగి. ఆట ముగిసి గదిలోంచి బయటికి వచ్చిన పిల్లవాణ్ణి, ఆరింటిలో ఆ నాలుగింటినే ఎందుకు తీసుకువెళ్ళావని అడిగి చూడవచ్చు. జవాబు అర్థం కావడానికి పెద్దలకు కొంత సమయం పట్టవచ్చు.